కొత్త కారు, తడిసిన కార్పెట్, ముహూర్తం గొడవ

శీనన్న: అందరికీ నమస్కారం, నెల్లూరు నుంచి మేమే. ఇవాళ రీకాల్స్ గురించి. కొత్త మోడల్‌లో భద్రతకు సంబంధించిన లోపం బయటపడితే కంపెనీ బండ్లను వెనక్కి పిలిచి డబ్బు తీసుకోకుండా బాగుచేయాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి దీనికి రూల్స్ వచ్చాయి, ప్రభుత్వమే ఆదేశించి పిలిపించాల్సి వస్తే కంపెనీ కోటి దాకా జరిమానా కట్టాలి...

మస్తాన్: అన్నా, అది తర్వాత. మా బావమరిది కారు సంగతి చెప్పనీ.

శీనన్న: మళ్ళీ ఆ కార్పెటేనా?

మస్తాన్: దొరికిందన్నా! వాన పడిన మర్నాడు కార్లో కూర్చుంటే తడిసిన గోనెసంచి వాసన. ఏసీ నీళ్ళే అని సర్వీస్ సెంటర్‌లో రెండుసార్లు తిప్పి పంపారు. ఆదివారం నేనే మ్యాట్ తీసి, కార్పెట్ పైకి లేపి, కింద పేపర్లు పరిచి, వాడిని బయట నిలబెట్టి అద్దం మీద పైపుతో నీళ్ళు కొట్టమన్నా. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఎడమ మూల పేపర్ నల్లబడింది. ఇంజన్ వైపు నుంచి వైర్లు లోపలికొచ్చే కంతకి రబ్బరు బుష్ ఉంటుంది కదా, దాని అంచు ఒక పక్క మడతపడి ఉంది. బొటనవేలితో నొక్కితే టప్‌మని కూర్చుంది.

శీనన్న: మొదటి లాటా?

మస్తాన్: లాంచ్ అయిన రెండో నెల బండి.

శీనన్న: అదే నేను చెప్పేది. కొత్త మోడల్ అంటే లైన్ మీద పనివాళ్ళకి చెయ్యి తిరగాలి, బయట నుంచి వచ్చే పార్టులూ కొత్తవే. ఆరు నెలలు ఆగితే చాలా వరకు సర్దుకుంటాయి.

మస్తాన్: ఆగడం కాదన్నా, పగలు చూసుకోవాలి. వాడు డెలివరీ తీసుకుంది రాత్రి ఏడున్నరకి. ముహూర్తమంట. దండ, రిబ్బన్, లైట్లు, ఫొటోలు. అందులో డోర్ గ్యాప్ ఎవడు చూస్తాడు?

శీనన్న: ముహూర్తాన్ని అనొద్దు మస్తానూ. మా అమ్మ పదిరోజుల ముందే పంచాంగం చూపించుకుని వస్తుంది. నాకది ముఖ్యం.

మస్తాన్: నేను దేవుణ్ణి అన్నానా?

శీనన్న: అన్నట్టే ఉంది.

మస్తాన్: ...సరే, తప్పే. కానీ తాళాలు ముహూర్తానికి తీసుకోండి, బండి మాత్రం ముందే చూడండి. రిజిస్ట్రేషన్ కాకముందు, మొత్తం డబ్బు కట్టకముందు, యార్డ్‌కి పోయి, పగటి వెలుగులో. నంబర్ పడ్డాక బండి మార్చమంటే ఎవరూ వినరు. టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 3224 అంటే 2024లో 32వ వారం తయారైందని.



 

శీనన్న: రీకాల్ సంగతి రెండు ముక్కలు చెప్పేస్తా. ఆర్‌సీలో 17 అక్షరాల చాసిస్ నంబర్ ఉంటుంది, కంపెనీ సైట్‌లో కొడితే మీ బండి లిస్టులో ఉందో లేదో తెలుస్తుంది. షోరూమ్ వాళ్ళు వినకపోతే 1915కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. సర్వీస్‌కి ఇచ్చినప్పుడు జాబ్ కార్డులో, అంటే వాళ్ళు రాసిచ్చే పని కాగితంలో, మీ కంప్లైంట్ మీ మాటల్లోనే రాయించండి.

మస్తాన్: మా వాడికి రెండుసార్లూ ‘జనరల్ చెకప్’ అని రాసిచ్చారు. నీళ్ళు అన్న మాటే లేదు.

శీనన్న: ఆ కాగితాలున్నాయా?

మస్తాన్: కార్లోనే ఉన్నాయి, కారుని కింద పార్క్ చేశాడు. ఉండు, చీకటి పడకముందే తెస్తా.