ఫోన్లో ‘తిన్నావా’ అంటే చాలదు
(ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో, మహేంద్రతనయ ఏటి ఒడ్డున కార్తీక వనభోజనాల్లో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని ప్రసంగం)

అధ్యక్షులవారికీ, ఉసిరిచెట్టు కింద జంపఖానా దొరికినవాళ్లకీ, దొరక్క నిలబడ్డవాళ్లకీ నమస్కారం. నాకిచ్చింది పది నిమిషాలు. వెనక కందా బచ్చలిలో ఆవ కలిపారు, ఆ వాసన నాకూ వస్తోంది. అందుకని వందనాలు ఇక్కడితో ఆపేస్తాను.

‘వనభోజనాల విశిష్టత’ అని రెండు కాగితాలు రాసుకొచ్చాను. ఇవిగో, మడిచి సంచిలో పెట్టేస్తున్నాను. మీ మొహాలు చూశాక వేరే మాట చెప్పాలనిపించింది.

మూడేళ్ల కిందట మా ఆయన పోయారు. పన్నెండో రోజు దాకా ఇంటినిండా జనమే. పదమూడో రోజుకి నేనూ, గోడ గడియారమూ మిగిలాం. ఒక్కదానికి ఏం వండుకుంటాం చెప్పండి? పొద్దున్న టీ, రెండు బిస్కట్లు. పదకొండింటికి టీ. మధ్యాహ్నం గుప్పెడు మిక్చరు. సాయంత్రం మళ్లీ టీ. రాత్రి మూడింటికి గుండె దడదడలాడుతూ మెలకువ వచ్చేది, చేతులు వణికేవి. ఏదో అయిపోతుందన్న భయం, ఏమవుతుందో తెలీదు. మా అబ్బాయి రోజూ బెంగళూరు నుంచి ఫోను చేసేవాడు. ‘అమ్మా, తిన్నావా?’ ‘తిన్నాను నాన్నా.’ ముప్పై ఏళ్లు పిల్లలకి అబద్ధమాడకూడదని చెప్పినదాన్ని!

ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఇసీజీ తీసి, గుండె బాగుందన్నారు. నిద్రమాత్ర రాశారు. ఆయన చెడ్డవారేం కాదు, బయట నలభైమంది కాచుకుని ఉన్నారు. కానీ ‘రోజంతా ఏం తింటున్నావమ్మా?’ అని ఒక్కమాట అడగలేదు. బరువు చూశారు, బీపీ చూశారు. అది మాత్రం అడగలేదు.

అడిగింది మా గోడవతలి ఒడియా మావుసి, అంటే పిన్నిలాంటి ఆవిడ. ‘ఖాయిల కి?’ అంది. తిన్నానన్నాను. ఆవిడ నా మాట నమ్మితే కదా! తిన్నగా వంటింట్లోకి వెళ్లి చూసింది. అన్నం గిన్నె బోర్లించినట్టే ఉంది. మర్నాడు పఖాళ అనే నీళ్లు పోసిన చద్దన్నం, బడీ చూరా అనే వడియాల పొడి, మునగాకు వేపుడు పట్టుకొచ్చింది. ఇచ్చేసి పోలేదు. నా ఎదురుగా చతికిలబడి తనూ తింది. నేను నాలుగు ముద్దలు తిన్నాను, తరవాత ఏడ్చాను. అలా రోజూ వచ్చేది.

పఖాళతో నాకు నయమైందని చెప్పను. తరవాత ఇంకో డాక్టరు రక్తం పరీక్ష చేయిస్తే ఇనుమూ తక్కువే, బీ12 విటమినూ తక్కువే. సూదులు వేయించుకున్నాను, దిగులుకి మాత్రలూ వాడాను. ఎవరైనా ఇలాంటి మాత్రలు వాడుతుంటే నా ప్రసంగం విని మానేయకండి, మీకు దణ్ణం పెడతాను.

పంతులమ్మని కదా, చదవకుండా ఊరుకోలేకపోయాను. ఫెలిస్ జాకా అనే ఆస్ట్రేలియా ఆవిడ, తన బృందంతో కలిసి 2017లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. డిప్రెషన్ ఉన్నవాళ్లు 67 మంది. కొందరికి తిండి మార్చారు: కూరగాయలు, పళ్లు, ముడిధాన్యాలు, పప్పులు, చేపలు. మిగతావాళ్ల దగ్గర ఊరికే కూర్చుని కబుర్లు చెప్పారు. 12 వారాలకి తిండి మార్చినవాళ్లలో 32 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. కబుర్లవాళ్లలో 8 శాతమే. 67 మంది అంటే చిన్న లెక్కే, నిజమే. పైగా చాలామంది మందులూ వాడుతున్నారు. అయినా తీసిపారేసే సంగతి కాదు.

నా దడ సంగతికొస్తే, ఖాళీ కడుపున టీ మీద టీ పోస్తే దడా వణుకూ రావా? చక్కెర పడిపోయినా అదే వణుకు, భయమేసినా అదే వణుకు. ఏది ఏదో ఒంటికే తెలీదు. భోజనం కాగానే టీ తాగితే తిన్న ఇనుము సరిగ్గా ఒంటబట్టదు. బీ12 ఆకుకూరల్లో దొరకదు. పాలు, గుడ్లు, చేపలు కావాలి, లేదా మాత్రలు. కార్తీకంలో చేపలేంటని కోప్పడకండి, కార్తీకం వెళ్లగానే మళ్లీ నీచు తినే ఛడఖాయి ఎంతో దూరం లేదు!

1936లో ఒడిశాని వేరుచేస్తూ గీత గీశారు. మన ఊరు ఇటు ఒడిశాలో పడింది, ఏటి అవతల పాతపట్నం అటు పడింది. ఇటు మండియా జావు, అటు చోడంబలి. గింజ ఒక్కటే, రాగి. చిన్నప్పుడు అది తాగుతున్నామని చెప్పుకోడానికి సిగ్గుపడేవాళ్లం. ఇప్పుడు మా మనవరాలు బెంగళూరులో అదే పిండి డబ్బాలో కొంటోంది. సరే, దారి తప్పాను.

కార్తీక సోమవారాల ఉపవాసాన్ని నేనేమీ అనను. కార్తీకమంతా ఒంటిపూట తినే హబిష వ్రతం చేసేవాళ్లనీ అనను. వాళ్లు ఒంటిపూట తిన్నా నలుగురిలో ఉంటారు, దీపాలు పెట్టుకుంటారు. నాది ఉపవాసం కాదు. ఎవరూ చూడని ఇంట్లో పొయ్యి వెలిగించకపోవడం. ఈ ఊళ్లో పిల్లలు సూరత్‌కో విశాఖకో వెళ్లిపోయిన ఇళ్లు ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టండి. మంచి కూర మగవాళ్లకీ పిల్లలకీ పెట్టేసి అడుగున మిగిలిన పులుసుతో సరిపెట్టుకునే అమ్మలు ఈ జంపఖానా మీదే ఉన్నారు. తల దించుకోకండి, నేనూ అదే చేశాను.

మనసు బాగోలేనప్పుడు ఫోను చేయడానికి 14416 అని ఒక నంబరుంది, ప్రభుత్వం నడిపే టెలి మానస్ వాళ్లది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. రాసుకోండి. పెన్ను లేకపోతే పక్కవాళ్లనడగండి.

అయ్యో, గంట కొట్టేశారు. ఒక్క మాట. ఈ ఏడాది ఇంట్లో మనిషి పోయి, వనభోజనాలకి రాలేమన్నవాళ్లు మూడిళ్లున్నారు. మూడు క్యారేజీలు కట్టించాను. గుమ్మంలో ఇచ్చేసి వచ్చేవాళ్లు నాకొద్దు. అక్కడే కూర్చుని, వాళ్లతో తిని రావాలి. మొదటిది నేను తీసుకెళ్తున్నాను. ఇంకో ఇద్దరు చెయ్యెత్తండి. ఒరే, వెనక ఎవడ్రా అది, నువ్వు ఎనిమిదో క్లాసులో కూడా ఇలాగే తల వంచుకునేవాడివి! రా, ఆ పులిహోర క్యారేజీ పట్టుకో.