నెల తిరగకుండా మళ్లీ పడిశమా?

అందరికీ నమస్కారం. ఈ ముసురులో కూడా ఇంతమంది వచ్చారు, వెనక వరసలో అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉన్నారు, చాలా సంతోషం. 'పడిశం పది రోగాల పెట్టు' అని మాకు చెప్పిన పెద్దలు మీరే. నా దగ్గరికొచ్చే తల్లుల భయమంతా ఆ మాటలోనే ఉంది.

"డాక్టర్ గారూ, బడిలో వేసినప్పటి నుంచీ నెల తిరగకుండా జలుబే. వీడికి ఇమ్యూనిటీ లేదంటారా?" ఈ ప్రశ్న వినని రోజు లేదు. బాగా తింటూ, ఆడుకుంటూ, ఈడుకు తగ్గ బరువు పెరుగుతున్న పిల్లలకు కూడా ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేస్తుంది. కొత్తగా బడిలో చేరినవాళ్లకు పది దాటినా వింత లేదు. లెక్క వేయండి. ఎనిమిది జలుబులు, ఒక్కోటి పది రోజులు, మొత్తం 80 రోజులు. అవి ఎక్కువగా వానలకూ చలికాలానికీ గుంపుగా వస్తాయి. ఒకటి పోకముందే ఇంకోటి అంటుకుంటే మనకు అదంతా ఒకటే జబ్బులా అనిపిస్తుంది.

జలుబు ఒక్క వైరస్ పని కాదు. అన్నింటికన్నా ఎక్కువగా కనిపించే రైనోవైరస్‌లోనే 160 దాకా రకాలున్నాయి. ఒక రకాన్ని గెలిచిన ఒంటికి ఇంకో రకం మళ్లీ కొత్తే. బిడ్డ ఒళ్లు వాటిని ఒక్కొక్కటిగా ఎదుర్కొని నేర్చుకుంటోంది. అది బలహీనత కాదమ్మా.

అరటిపండు పెట్టినందుకో, వానలో తడవనిచ్చినందుకో కోడలిని తిట్టకండి. ఇంగ్లండులో సాల్స్‌బరీ దగ్గర 1946లో మొదలై నలభై ఏళ్లకు పైగా జలుబు మీదే పరిశోధించిన కేంద్రం ఉండేది. అక్కడ ముందుకొచ్చిన మనుషులను తడి ఒంటితో చలిగాలిలో నిలబెట్టి చూశారు. చలి ఒక్కదానితో జలుబు పుట్టలేదు. వైరస్ పక్కవాళ్ల తుంపరల్లోంచి వస్తుంది, చేతుల మీదుగా వస్తుంది. పెద్దవాడి ముక్కు తుడిచిన కొంగుతోనే చంటిదాని మూతి తుడుస్తాం చూడండి, అలా.

మూడో రోజుకు చీమిడి పచ్చబడగానే యాంటీబయాటిక్ రాయమంటారు. ఆ పచ్చదనం చాలావరకు వైరస్‌తో పోరాడే మన తెల్లరక్తకణాలది. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు.

సిరప్ సంగతి చెబుతుంటే నాకు గొంతు పట్టేస్తుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో మామూలు జలుబు, దగ్గు, జ్వరాలతో ఉన్న పసివాళ్లు దగ్గు సిరప్ తాగి కిడ్నీలు పాడై చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దనీ, ఐదేళ్లలోపు వాళ్లకు సాధారణంగా అక్కర్లేదనీ ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు చెప్పింది. మందుల షాపులో అడిగి సీసా తెచ్చుకోకండి, మీ కాళ్లు పట్టుకుంటాను. ముక్కులో సెలైన్ చుక్కలు వేయండి. పాలు, జావ కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి. ఏడాది నిండితే పడుకునే ముందు చెంచాడు తేనె ఇవ్వొచ్చు, అంతకు ముందు ఒక్క చుక్క కూడా వద్దు. మరిగే నీళ్ల గిన్నె పిల్లల దగ్గర పెట్టి ఆవిరి పట్టకండి, ఒళ్లు కాలి వచ్చిన పిల్లలను చూశాను.

దగ్గు రెండు మూడు వారాలు సాగొచ్చు, దానికి కంగారు లేదు. కంగారు పడాల్సింది ఊపిరి గురించి. 'డొక్కలు ఎగరేస్తోంది' అని పెద్దవాళ్లు అంటారే, అది అక్షరాలా నిజం. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంజుకుపోతుంటే తెల్లారేదాకా ఆగొద్దు. పాలు తాగలేకపోయినా, మగతగా ఉన్నా అంతే. మూడు నెలల్లోపు బిడ్డకు ఏ కాస్త జ్వరం వచ్చినా అంతే. ఊపిరి ఎన్నిసార్లు తీస్తోందో కూడా లెక్కపెట్టండి. నిమిషానికి రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, అంతకు చేరితే వెంటనే డాక్టరుకు చూపించాలి.

ముందు వరసలో ఒకమ్మ ఒడిలో పాప నిద్రపోతోంది. అమ్మా, చొక్కా కొంచెం పైకెత్తు. మిగతావాళ్లు ఫోనుల్లో గడియారం తీయండి. పొట్ట పైకి లేచినప్పుడల్లా ఒకటి. నిండు నిమిషం లెక్కపెడదాం రండి.