అల్బెరీగో ఎవాని: ఎడమకాలి ఫ్రీ కిక్ నుంచి కుర్రాళ్ళ శిక్షణ దాకా

నమస్కారం. ఈ రోజు ఒక ఫ్రీ కిక్‌తో మొదలుపెడదాం.

1989 డిసెంబరు 17, టోక్యో నేషనల్ స్టేడియం, ఫుట్‌బాల్ క్లబ్‌ల ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫైనల్. ఒకవైపు యూరప్ విజేత, ఇటలీ క్లబ్ మిలాన్, మరోవైపు దక్షిణ అమెరికా విజేతగా వచ్చిన కొలంబియా జట్టు అట్లెటికో నాసియొనాల్. మిలాన్‌లో వాన్ బాస్టెన్, రైకార్డ్ ఉన్నారు. వెనక బరేసి, మాల్దీని ఉన్నారు. అయినా తొంభై నిమిషాలు గడిచిపోయాయి, అదనపు సమయమూ అయిపోవస్తోంది, గోల్ మాత్రం పడలేదు. 119వ నిమిషంలో పెనాల్టీ ఏరియా అంచున మిలాన్‌కు ఫ్రీ కిక్ దొరికింది. ఎదురుగా గోడకట్టి నిలబడ్డ ఆటగాళ్ళు, వాళ్ళ వెనక గిరజాల జుట్టు గోల్‌కీపర్ రెనె ఇగీతా. బంతిని కొట్టింది ఆ పెద్ద పేర్లలో ఎవరూ కాదు. రెండో సగంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన అల్బెరీగో ఎవాని. ఎడమకాలితో కొట్టాడు, బంతి వలలో పడింది, కప్పు మిలాన్ చేతికొచ్చింది.

అంతకు సరిగ్గా పది రోజుల ముందు యూరోపియన్ సూపర్ కప్‌లో బార్సిలోనా మీద మిలాన్ 1-0తో గెలిచినప్పుడు ఆ ఒక్క గోల్ కొట్టిందీ ఎవానియే. పది రోజుల్లో రెండు కప్పులు తేల్చిన మనిషి. మరి మిలాన్ కథ చెప్పేటప్పుడు అతని పేరు ఎందుకంత ఆలస్యంగా వస్తుంది? నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఎవాని 1963 జనవరి 1న టస్కనీలోని మస్సాలో పుట్టాడు. మిలాన్ రెండో డివిజన్‌కు పడిపోయిన రోజుల్లో జట్టులోకి వచ్చి, ఆ కష్టకాలమంతా అక్కడే ఉండి, సాక్కి కోచ్‌గా వచ్చాక యూరప్‌నే ఏలిన జట్టులో భాగమయ్యాడు. 1993లో మరో ఇటలీ క్లబ్ సాంప్‌డోరియాకు వెళ్ళాడు. అక్కడ అతని సహచరుడు రోబెర్తో మాన్చీని. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1994 ప్రపంచకప్ ఫైనల్, పాసడీనా. ఇటలీ, బ్రెజిల్, పెనాల్టీ షూటౌట్. రోబెర్తో బాజో బంతిని గోల్‌పోస్ట్ పైనుంచి కొట్టడం అందరికీ తెలుసు. కానీ మూడో కిక్ ఎవరిదో ఎంతమందికి గుర్తుంది? అదనపు సమయంలో బరిలోకి దిగిన ఎవానిది. అది గోల్ అయింది, ఆ క్షణానికి ఇటలీ 2-1 ముందుంది. తర్వాత మస్సారో కిక్‌ను గోల్‌కీపర్ ఆపేశాడు, బాజోది పైకి పోయింది. ఆ ప్రపంచకప్‌లో ఇటలీ కొట్టిన బంతి చివరిసారి వలలో పడింది ఎవాని కాలి నుంచే.

ఆట మానేశాక మిలాన్ కుర్రాళ్ళ జట్లకు శిక్షణ ఇచ్చాడు. 2010లో సాక్కి ఇటలీ యువ జాతీయ జట్ల బాధ్యత తీసుకున్నాడు, ఎవాని కూడా ఆ వ్యవస్థలో చేరాడు. అండర్-18, 19, 20 జట్లు అతని చేతుల మీదుగా నడిచాయి. ఈ ఉద్యోగం బయటికి కనిపించేంత సులువు కాదు. కుర్రాడు క్లబ్ సొత్తు, జాతీయ కోచ్ దగ్గర ఉండేది కొద్ది రోజులే. పైగా ఇటలీ పెద్ద క్లబ్‌లు పంతొమ్మిదేళ్ళ కుర్రాడిని నమ్మి దింపడం అరుదు. మ్యాచ్‌ల అలవాటు లేని పిల్లలను తీసుకుని వారం రోజుల్లో జట్టుగా నిలబెట్టాలి.

ఇప్పుడు 2017, దక్షిణ కొరియా, అండర్-20 ప్రపంచకప్. ఎవాని జట్టుకు మొదటి మ్యాచ్‌లోనే ఉరుగ్వే చేతిలో ఓటమి. ఎలాగో గ్రూప్ దాటి, ఫ్రాన్స్‌ను 2-1తో ఓడించి క్వార్టర్స్‌కు చేరారు. అక్కడ జాంబియా. నాలుగో నిమిషంలోనే పాట్సన్ డాకా గోల్ కొట్టాడు. విరామానికి ముందు వీడియో సమీక్ష తర్వాత ఇటలీ ఆటగాడు పెజ్జెల్లాకు రెడ్ కార్డు. ఇక పదిమందే. ఒర్సోలీని స్కోరు సమం చేశాడు. 84వ నిమిషంలో జాంబియా మళ్ళీ ముందుకెళ్ళింది. అయిపోయిందనుకున్న చోట, 88వ నిమిషంలో ఫ్రీ కిక్. కొట్టింది ఫెదెరికో దిమార్కో. ఎడమకాలు, నేరుగా వలలోకి!

ఆ క్షణం ఎప్పుడు చూసినా నా కళ్ళు పక్కనున్న కోచ్ కోసం వెతుకుతాయి. చివరి నిమిషాల్లో ఎడమకాలి ఫ్రీ కిక్ ఎంత బరువో టోక్యోలో మోసి చూసినవాడు కదా!

అదనపు సమయంలో వీదో తలతో గోల్ కొట్టాడు, 3-2. సెమీస్‌లో సొలాంకే, లుక్‌మన్ ఉన్న ఇంగ్లండ్ 3-1తో ఆపేసింది. మూడో స్థానం కోసం మళ్ళీ అదే ఉరుగ్వే. గోల్ లేకుండా సాగిన మ్యాచ్ షూటౌట్‌కు వెళ్ళింది, ఇటలీ గోల్‌కీపర్ ప్లిజ్జారి రెండు పెనాల్టీలు ఆపాడు, మూడో స్థానం ఇటలీదే. అండర్-20 ప్రపంచకప్‌లో అప్పటిదాకా ఇటలీకి అంత మంచి ఫలితం లేదు. అదే ఏడాది నవంబరులో సీనియర్ జట్టు స్వీడన్ చేతిలో ఓడి ప్రపంచకప్‌కే దూరమైంది. దేశమంతా దిగులు పడుతున్నప్పుడు ఎవాని పిల్లలు కొరియా నుంచి తెచ్చిన పతకం ఒక్కటే ఊరట అని నా అభిప్రాయం.

తర్వాత మాన్చీని సీనియర్ జట్టు కోచ్ అయ్యాడు, పాత సహచరుడిని సహాయకుడిగా పిలిచాడు. 2020 నవంబరులో మాన్చీనికి కోవిడ్ వస్తే బెంచీ దగ్గర నిలబడి జట్టును నడిపింది ఎవానియే. ఎస్టోనియాపై 4-0, పోలండ్‌పై 2-0, బోస్నియాపై 2-0. మూడు మ్యాచ్‌లు, మూడు గెలుపులు, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

ఇక 2021 జులై 11, వెంబ్లీ, యూరప్ దేశాల కప్ యూరో ఫైనల్. కొరియా వెళ్ళిన కుర్రాళ్ళలో బరెల్లా, పెస్సీనా ఇప్పుడు ఇటలీ సీనియర్ జట్టులో ఉన్నారు. బెల్జియం మీద బరెల్లా, ఆస్ట్రియా, వేల్స్ మీద పెస్సీనా గోల్స్ కొట్టి మరీ వచ్చారు. మళ్ళీ షూటౌట్. పాసడీనాలో ఇటలీ 3-2 తేడాతో ఓడింది. వెంబ్లీలో 3-2 తేడాతో గెలిచింది. ఇరవై ఏడేళ్ళ కిందట మూడో కిక్ కొట్టిన ఎవాని ఆ రాత్రి ఇటలీ బెంచీలో ఉన్నాడు.