కుందేలు కంట్లో చుక్క: పాలమూరు స్టూడియోలో ఒక చర్చ

మహబూబ్‌నగర్‌లోని మా స్టూడియోలో గంటకు పైగా నడిచిన చర్చ ఇది. రికార్డింగు వింటూ రాసుకున్న. తడుముకున్న చోట్లు, మళ్ల మళ్ల అన్న మాటలు తీసేసిన తప్ప ఎవరి మాటా మార్చలేదు. సబ్బు, షాంపూ, జుట్టు రంగు కోసం జంతువుల మీద పరీక్షలు చేయొచ్చా అన్నది విషయం. మన దేశంలో చట్టం దీన్ని ఎప్పుడో తేల్చేసింది కదా, ఇంకా చర్చ ఎందుకని మా వాళ్లే అడిగిన్రు. తేలింది సగమే అని నా నమ్మకం. అందుకే పట్టుబట్టి పెట్టిన.

కూర్చున్నవాళ్లు నలుగురు: ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్పే మేడం, పట్నంలో బ్యూటీ పార్లర్ నడిపే అక్క, దేవరకద్ర దిక్కు నుంచి వచ్చిన గొర్ల పెద్దయ్య, జడ్చర్ల దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్ట్ కెమిస్టుగా చేసే తమ్ముడు.

సంధానకర్త: అక్కా, మీ చేతిలో ఆ డబ్బా చూస్తున్న. అక్కడి నుంచే మొదలుపెడదాం.

పార్లర్ అక్క: జుట్టుకేసే రంగు సారూ. షాపుల నుంచే పట్టుకొచ్చిన. దీని మీద చిన్న చిన్న అక్షరాలుంటయి, ఎవ్వరు చదవరు. నేను కూడ పార్లర్ పెట్టిన మొదట్ల చదవలే. ఏమంటదంటే, ఇది కొందరికి పడదు, ముందుగాల కొంచెం పూసి చూసుకోవాలె, కనురెప్పలకు, కనుబొమ్మలకు పెట్టొద్దు, పెడితే చూపు పోవచ్చు. ఒకసారి తమ్ముని పెండ్లి ఉందని ఒకామె వచ్చింది. పూసి చూద్దామంటే టైం లేదన్నది. సరే అని వేసిన. తెల్లారి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఉరికి పోయిన. నొసలు, కండ్లు, చెవులు అన్నీ ఉబ్బినయి. రెప్పలు విడదీద్దామంటే విడిపోతలేవు. పెండ్లికి పోలేదామె. ఆ తప్పు నాది. ఇప్పటికీ ఆమె బజార్ల ఎదురైతే నాకు తలెత్తబుద్ధి కాదు.

మేడం: ఆ వాపుకు కారణం ఎక్కువసార్లు పీపీడీ అనే రసాయనమే, పారా ఫినిలీన్ డయమిన్. నల్లరంగు పట్టాలంటే చాలా రంగుల్లో అదే ఉంటది. ఇక మీరు చదివిన ఆ హెచ్చరిక ఉంది చూడండి, అది కంపెనీ దయతో రాసింది కాదు. పీపీడీ ఉన్న రంగుల మీద ఇంగ్లిష్‌లో, స్థానిక భాషల్లో రాయాలని మన చట్టమే చెప్తది. రెప్పలు, కనుబొమ్మలు అని అంత నిక్కచ్చిగా ఎందుకు రాయించిన్రంటే దాని వెనుక ఒక కథ ఉంది. 1933 ప్రాంతంలో అమెరికాలో లాష్ లూర్ అని రెప్పలకు పెట్టే రంగు అమ్మిన్రు. ఇదే జాతి రసాయనం. చాలామంది ఆడవాళ్లకు కండ్లు పుండ్లైనయి, కొందరికి చూపు పోయింది, ఒకామె ప్రాణం కూడా పోయింది. అప్పుడక్కడ ఆ డబ్బాను ఆపే చట్టమే లేదు. 1938లో వచ్చింది.

సంధానకర్త: అంటే కుందేళ్ల మీద పరీక్షలు క్రూరత్వంతో మొదలుకాలేదంటారు?

మేడం: లేదు. భయంతో మొదలైనయి. ఆ భయం న్యాయమైందే. 1944లో అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్త జాన్ డ్రైజ్ ఒక పద్ధతి రాసిపెట్టిండు, అదే డ్రైజ్ పరీక్ష. తెల్ల కుందేలును తల ఒక్కటే బయటికి వచ్చే పెట్టెలో పెడతరు. కాళ్లతో కన్ను రుద్దుకోకుండ. కింది రెప్పను లాగితే చిన్న దోనె లెక్క అయితది. అందులో పదో వంతు మిల్లీలీటరు మందు వేసి, రెండు రెప్పలు ఒక క్షణం మూసి పట్టుకుంటరు. రెండో కన్ను పోల్చి చూసుకునేందుకు వదిలేస్తరు. గంటకు, రోజుకు, రెండు రోజులకు, మూడు రోజులకు చూస్తరు. ఎర్రబడ్డదా, ఉబ్బిందా, నల్లగుడ్డు మీద తెల్ల పొర వచ్చిందా అని మార్కులేస్తరు. మానుతదా మానదా అని ఇరవై ఒక్క రోజుల దాకా కూడా ఉంచొచ్చు.

పెద్దయ్య: అయ్యో. కండ్ల నీళ్లు రావా బిడ్డా దానికి?

మేడం: మనకంటే తక్కువ పెద్దయ్యా. అందుకే మందు కంట్లోనే ఎక్కువసేపు ఉంటది. రెప్ప వాల్చేది కూడా తక్కువే. దానికి మూడో రెప్ప ఉంటది, మనకుండదు. ఈ తేడాల వల్ల కుందేలు కంట్లో వచ్చిన ఫలితం మన కంటికి సరిగ్గా సరిపోదు. 1980లో న్యూయార్క్‌లో హెన్రీ స్పైరా అనే ఆయన ఒక పేరున్న సౌందర్య సాధనాల కంపెనీ మీద పత్రికలో పేజీ నిండా ప్రకటన వేసిండు, అందం కోసం ఎన్ని కుందేళ్ల కండ్లు పోగొడతరని అడిగిండు. ఆ తర్వాతనే కంపెనీలు వేరే పద్ధతుల పరిశోధనకు డబ్బు పెట్టుడు మొదలైంది.

సంధానకర్త: పెద్దయ్యా, మీరు గొర్లను పెంచుతరు, అమ్ముతరు, అవి కోతకు పోతయి. ఒక కుందేలు కన్ను గురించి బాధపడే హక్కు మనకున్నదా అని ఎవరన్న అడిగితే ఏమంటరు?

పెద్దయ్య: నేను అబద్ధం చెప్ప సారూ. కోసుకుంటం, తింటం. మా ఇంట్ల ఎల్లమ్మకు పొట్టేలును ఇస్తం. కాని కోసేటోడు కత్తి నూరుకొని వస్తడు. మొండి కత్తి పట్టుకొస్తే పక్కకు పొమ్మంటం. ఒక్క పెట్టుతోని పోవాలె. ఇరవై రోజులు కట్టేసి ఎట్ల పుండైతదో చూద్దామనేది మా దాంట్ల లేదు. ఇంకోటి చెప్త. మా గొర్లకు పారుడు రోగం టీక వేస్తరు, నీలినాలుకకు వేస్తరు. అది కూడ మొదట ఏదో గొర్రె మీదనే చూసి ఉంటరు గద? దానికి నేనేమనను. ఒక గొర్రె కష్టం వేరే గొర్రెకు పనికొచ్చింది. కుందేలుకు షాంపూ ఎందుకు బిడ్డా? అది తన కోసం పడ్డ కష్టం కాదు, తన జాతి కోసం కాదు.

(ఇక్కడ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నైతికశాస్త్రం మీద నేను చదివిన వ్యాసాల్లో ఈ తేడా ఇంత సూటిగా కనబడలేదు.)

కెమిస్టు తమ్ముడు: పెద్దయ్య మాటకు నేను ఎదురు చెప్పను. కాని ఒకటి అడగాలె. పరీక్ష వద్దంటే పరీక్ష ఆగదు సార్, మనిషి మీదికి వస్తది. అక్క చెప్పినామె మొకం పరీక్షే గద. జాతరలో పేరు లేని క్రీములమ్ముతరు, కురుమూర్తి జాతరకు పోయి చూడండ్రి. బొంబాయికి కూలికి పోయినోళ్లు తెస్తరు, వారంల తెల్లగైతరట. అది ఎవరి మీద పరీక్ష చేసిన్రు?

పార్లర్ అక్క: నిజమే తమ్మీ. ఆ క్రీములు పూసుకొని నా దగ్గరికి వచ్చే పిల్లలున్నరు. మొదట మొకం మెరుస్తది. బందు పెడితే మునుపటికంటే నల్లగ అయితది. బందు పెట్టలేరు.

మేడం: వాటిలో కొన్నింట్ల పాదరసం కలుపుతరు. మన నియమాల ప్రకారం ముఖానికి పూసేదాంట్లో పాదరసం కావాలని కలపొద్దు, పొరపాటున వచ్చినా పది లక్షల్లో ఒక వంతు దాటొద్దు. చర్మం నుంచి రక్తంలోకి పోయి కిడ్నీని దెబ్బతీస్తది. కాని తమ్ముడూ, అక్కడ లోపం కుందేలు లేకపోవడం కాదు. పాదరసం విషమని మనకు ఎప్పుడో తెలుసు. తెలిసిన విషాన్ని పట్టుకోవాలంటే డబ్బా తీసుకుపోయి ల్యాబులో కొలవాలె. ఇన్‌స్పెక్టరు కావాలె, జంతువు కాదు. ఈ రెండూ కలిపి మాట్లాడితే మనం తప్పుదారి పడతం.

సంధానకర్త: చట్టం ఏమంటదో రెండు మాటల్లో చెప్పండి మేడం.

మేడం: 2014 మే నెలలో డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నియమాల్లో 148-సి చేర్చిన్రు, సౌందర్య సాధనాల పరీక్షకు ఏ జంతువునూ వాడొద్దని. అదే ఏడాది 135-బి వచ్చింది, బయటి దేశంలో జంతువుల మీద పరీక్షించినవి దిగుమతి చేయొద్దని. నవంబరు నుంచి అమలు. దక్షిణాసియాలో మనమే ముందు. 2020 కాస్మెటిక్స్ రూల్స్ కూడా దాన్నే కొనసాగించినయి. యూరప్‌లో అమ్మకం మీద పూర్తి నిషేధం 2013 మార్చిలో వచ్చింది. కాని ఒక నిజం దాచొద్దు. ఇవాళ మనం వాడే సబ్బులో పాత పదార్థాలు చాలా ఉన్నయి. అవి భద్రమని మనకెట్ల తెలుసు? చాలావాటికి ఎప్పుడో కుందేళ్ల మీద, ఎలుకల మీద చేసిన పరీక్షల లెక్కలే ఆధారం. డబ్బా మీద జంతు పరీక్ష చేయలేదని చెప్పే కుందేలు బొమ్మ చూసి మన చేతులు శుభ్రంగా ఉన్నయనుకోవద్దు.

సంధానకర్త: వనపర్తి నుంచి ఒక డిగ్రీ అమ్మాయి ఫోన్‌లో ఉంది. చెప్పమ్మా.

ఫోన్‌లో అమ్మాయి: నమస్తే సార్. ఇక్కడ నిషేధం ఉంటే కంపెనీలు చైనాలో పరీక్ష చేయించి తెచ్చుకోవా?

మేడం: మంచి ప్రశ్న. అట్ల తెచ్చిన సరుకును ఆపడానికే ఆ దిగుమతి నియమం. చైనాలో చాలా ఏండ్లు దిగుమతి సరుకుకు జంతు పరీక్ష తప్పనిసరిగా ఉండేది. 2021 మే నుంచి షాంపూ, లోషన్ లాంటి మామూలు వాటికి కొన్ని షరతుల మీద మినహాయింపు ఇచ్చిన్రు. జుట్టు రంగులు, తెల్లబరిచే క్రీములు ఆ మామూలు వాటిల్లోకి రావు.

సంధానకర్త: మరి కుందేలు బదులు ఏముంది?

మేడం: ఆపరేషన్లలో మిగిలిన చర్మం నుంచి కణాలు తీసి, చిన్న గిన్నెలో పొరలు పొరలుగా పెంచుతరు. మన చిటికెన వేలి గోరంత ఉంటది. నేను చూసిన. తడి కాగితం ముక్క లెక్క కనిపిస్తది, నమ్మరు అది చర్మమంటే. దాని మీద పదార్థం పూసి, కడిగి, పసుపుపచ్చ మందు ఒకటి పోస్తరు. కణాలు బతికుంటే ఆ పసుపు ఊదా రంగుకు తిరుగుతది. చచ్చిపోతే తిరగదు. ఆ రంగును తీసి యంత్రంలో కొలుస్తరు. సగానికి సగం కణాలు చచ్చిపోతే అది చర్మానికి మంట పుట్టించేదని లెక్క. 2010 సంది ఇది అంతర్జాతీయ పద్ధతే. ఇక కంటికి, కబేళాలో కోసిన పశువుల కండ్లు వాడతరు. కోడి కండ్లు కూడ.

పెద్దయ్య: కోసినంక పడేసేటివా?

మేడం: అవే. అదే రోజు, తాజాగ ఉన్నప్పుడే తెచ్చి, నల్లగుడ్డు మీది అద్దం లాంటి పొరను తీసి బిగిస్తరు. మందు పోస్తే ఆ పొర ఎంత మసకబారిందో వెలుగు పంపి కొలుస్తరు. మరీ ఘాటైనదేదో, ఏమీ చేయనిదేదో ఇది బాగా చెప్తది. మధ్యలో ఉన్నవాటికి వేరేవి కావాలె.

పెద్దయ్య: తలకాయ కూరల మేం కండ్లు పడెయ్యం బిడ్డా, పిల్లలకు పెడ్తం. బర్రెలవి, ఎడ్లవి అయితే తెల్వదు. ప్రాణం పోయినంక కన్ను పనికొస్తదంటే పానం నిమ్మళమైంది.

కెమిస్టు తమ్ముడు: నేను మళ్ల నా దగ్గరికే వస్త. యూరప్‌లో 2023 నవంబరులో ఒక కోర్టు తీర్పు వచ్చింది గద మేడం? ఎండ క్రీముల్లో వేసే రెండు రసాయనాలకు జంతు పరీక్షలు చేయాల్సిందేనని. పూసుకునేటోళ్ల కోసం కాదు, ఫ్యాక్టరీల దాన్ని తయారు చేసే కార్మికుల కోసం.

మేడం: నిజం. హోమోసలేట్, ఇథైల్‌హెక్సైల్ సాలిసిలేట్. అక్కడ సౌందర్య సాధనాల చట్టం వద్దంటే, రసాయనాల చట్టం చేయాలన్నది. కోర్టు రెండోదాని దిక్కు నిలబడ్డది.

కెమిస్టు తమ్ముడు: నేను అందుకే వచ్చిన ఇయ్యాల. పోలేపల్లి, చౌటుప్పల్ దిక్కు మా ఈడు పిల్లలు వేలమంది పనిచేస్తరు. డ్రమ్ము మూత తీసి పొడి రియాక్టర్‌ల గుమ్మరిస్తం. గ్లౌజు ముడి దగ్గర, మణికట్టు మీద తెల్లగ పడ్తది. డబ్బా కొనేటామె చిటికెడు పూసుకుంటది, మేం షిఫ్టంత పీలుస్తం. కుందేలు మీద జాలి పడండ్రి, నేను కూడ పడ్త. మా లెక్క ఎవరు చూస్తరు?

సంధానకర్త: మేడం, దీనికి జవాబు ఉందా?

మేడం: సూటి జవాబు లేదు. గిన్నెలో పెంచిన చర్మం మంటను చెప్తది. పదేండ్లు పీల్చితే కాలేయానికి ఏమైతది, కడుపులో బిడ్డకు ఏమైతది అనేది ఒక్క గిన్నె చెప్పదు. చాలా పరీక్షలు, కంప్యూటరు లెక్కలు, మనుషుల ఆరోగ్య రికార్డులు కలిపి చూడాలె. కాని నేను మొహమాటం లేకుండ చెప్త. నేను ఎం.ఫార్మసీలో ఉన్నప్పుడు ఇంజెక్షన్ మందుల కోసం కుందేళ్లను పట్టుకున్న. చెవి నరానికి సూది, వెనుక థర్మామీటరు, మూడు గంటలు జ్వరం వస్తదా అని చూసుడు. నా అరచేతి కింద దాని గుండె ఎంత వేగంగ కొట్టుకునేదో మరిచిపోలేను. అప్పుడు అదొక్కటే దారి అన్నరు. ఇప్పుడు దానికీ వేరే దారులొచ్చినయి, 2024లో యూరప్ ఫార్మకోపియా, అంటే అక్కడ మందుల ప్రమాణాలు రాసేవాళ్లు, ఆ కుందేలు పరీక్షను తీసేయాలని నిర్ణయించింది. దారి లేదన్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తది. కార్మికుని రక్షణకు జంతువును ముందు పెట్టేముందు, ఆ డ్రమ్ముకు మూత బిగించినమా, పొగ లాగే ఫ్యాను పెట్టినమా, పిల్లలకు సరైన మాస్కు ఇచ్చినమా అడగాలె. అవి చేయకుండ ఎలుకకు పీల్పిస్తే ఎవరికి లాభం?

కెమిస్టు తమ్ముడు: (ఫోన్ తీసి) ఇది మా దగ్గర ఒక ముడిసరుకు సేఫ్టీ షీటు మేడం, దానితోని ఏం ప్రమాదమో రాసే కాగితం. పదకొండో భాగం చూడండ్రి. పీల్చితే: సమాచారం లేదు. చర్మం: సమాచారం లేదు. గర్భం: సమాచారం లేదు. కిందిదాక అదే.

మేడం: (ఫోన్ చేతికి తీసుకొని, పైకి కిందికి జరుపుతూ) ఇది ఎప్పటిది? తేదీ కూడ లేదు. సరఫరా చేసినోళ్లను అడిగిన్రా?

కెమిస్టు తమ్ముడు: ఎవరడుగుతరు మేడం?

మేడం: నేను అడుగుత. ఆ రసాయనం నంబరు ఉంది గద, దాంతోని పాత రికార్డుల్లో ఏమున్నదో నా పిల్లలతోని వెతికిస్త. ఉన్న లెక్క ఉండగా మళ్ల జంతువును తేవొద్దు, ఉన్న లెక్కను మీకు చెప్పకుండా కూడ ఉండొద్దు. నాకు పంపు.

కెమిస్టు తమ్ముడు: ఇప్పుడే పంపుత. ఇంకో పదకొండు షీట్లున్నయి, అవి కూడ పంపాల్నా?

మేడం: అన్నీ పంపు.