నలభై ఏళ్లుగా ఆ పక్క కుర్చీలోనే: కోచ్ క్రిస్ డేలీ

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఈరోజు మీకు బాస్కెట్‌బాల్‌లో ఒకావిడని పరిచయం చేస్తాను. స్టార్ ప్లేయర్ కాదు, హెడ్ కోచ్ కూడా కాదు. అసిస్టెంట్ కోచ్. నలభై ఏళ్లుగా అదే టీమ్‌లో, అదే బాస్ పక్కన. పేరు క్రిస్ డేలీ. ప్లేయర్లందరూ "సీడీ" అని పిలుస్తారు.

2021 మార్చికి వెళ్దాం. కోవిడ్ టైమ్. అమెరికా కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ మొత్తం టెక్సస్‌లో, శాన్ ఆంటోనియో చుట్టుపక్కలే పెట్టారు. కనెక్టికట్ యూనివర్సిటీ, అందరూ యూకాన్ అంటారు, అక్కడ ఎప్పుడూ టైటిల్ రేసులో ఉండే టీమ్. సరిగ్గా బయల్దేరే ముందు హెడ్ కోచ్ జీనో ఆరియెమ్మాకి పాజిటివ్ వచ్చింది. ఆయన ఇంట్లో టీవీ ముందు ఉండిపోయారు. టీమ్‌ని తీసుకెళ్లింది డేలీ. మొదటి మ్యాచ్ హై పాయింట్ యూనివర్సిటీ మీద 102-59తో గెలుపు. రెండోది సిరక్యూస్ మీద 83-47. మూడో మ్యాచ్‌కి జీనో వచ్చేశారు, ఆవిడ మళ్లీ తన పక్క కుర్చీలోకి వెళ్లి కూర్చుంది.

నాకు ఆ వెళ్లి కూర్చోవడమే నచ్చింది. మామూలుగా మనం ఏమనుకుంటాం? అసిస్టెంట్ అంటే వెయిటింగ్‌లో ఉన్న మనిషి అని. సినిమా ఫీల్డ్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌ని చూస్తే మొదట అడిగే మాట "సొంత సినిమా ఎప్పుడు బాబూ?" అనే కదా. సెకండ్ సీట్ అంటే బస్టాండ్‌లో బెంచీ లాంటిదని మన లెక్క. బస్సు వస్తే లేచి వెళ్లిపోవాలి. డేలీ మాత్రం దాన్నే తన ఇల్లు చేసుకుంది.

ఆవిడ న్యూజెర్సీలో రట్గర్స్ యూనివర్సిటీకి ఆడింది. ఎడిసన్ వైపు ఉండే మన తెలుగువాళ్లకి రట్గర్స్ క్యాంపస్ బాగా తెలుసు, పక్కనే కదా. కోచ్ థెరిసా గ్రెంట్జ్. అప్పట్లో ఆడపిల్లల కాలేజీ ఆటల్ని ఏఐఏడబ్ల్యూ అనే వేరే సంస్థ నడిపేది. మగపిల్లల ఆటలు చూసుకునే ఎన్‌సీఏఏ 1982లో అమ్మాయిలకి కూడా టోర్నమెంట్ మొదలుపెట్టింది. దాంతో ఏఐఏడబ్ల్యూ పని అయిపోయింది. అదే 1982లో ఏఐఏడబ్ల్యూ ఆఖరి టైటిల్‌ని ఫిలడెల్ఫియాలో టెక్సస్‌ని 83-77తో ఓడించి రట్గర్స్ గెలిచింది. ఆ టీమ్‌లో ఉంది డేలీ. అంటే ఒక శకంలో చిట్టచివరి కప్పు ఎత్తిన బ్యాచ్ అన్నమాట.

తర్వాత కొన్నాళ్లు కోచింగ్, మధ్యలో రట్గర్స్‌లో కూడా. 1985లో యూకాన్.

ఇప్పటి యూకాన్‌ని మనసులో పెట్టుకుని ఊహించకండి. స్టోర్స్ అనే పల్లెటూరు అది. యూనివర్సిటీ పుట్టిందే వ్యవసాయ బడిగా. ఇప్పటికీ క్యాంపస్‌లో ఆవులుంటాయి. అమ్మాయిల టీమ్ పెట్టి పదేళ్లు దాటినా, ఓటముల కంటే గెలుపులు ఎక్కువున్న సీజన్ ఒక్కటంటే ఒక్కటి. ఆడే ఫీల్డ్‌హౌస్‌కి వానొస్తే పైకప్పు కారేది. ఇటలీలో పుట్టి, ఏడేళ్ల వయసులో అమెరికా వచ్చిన జీనో అక్కడ కొత్తగా హెడ్ కోచ్ అయ్యారు. డేలీని పిలిచారు. మొదటి సీజన్ 12 గెలుపులు, 15 ఓటములు. జీనో కెరీర్ మొత్తంలో ఓటములు ఎక్కువైన సీజన్ అదొక్కటే.

సరే, అసిస్టెంట్ కోచ్ అసలు ఏం చేస్తారు? ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే టీవీలో మనకి ఇదేదీ కనపడదు.

మొదటిది రిక్రూటింగ్. మన దగ్గరలా ఎంట్రన్స్ ర్యాంకు చూసి సీటివ్వడం కాదు. హైస్కూల్లో బాగా ఆడే పిల్ల ఉంటే కోచ్‌లే వెతుక్కుంటూ వెళ్లాలి. స్కూల్ జిమ్‌లో గంటల తరబడి కూర్చుని ఆట చూడాలి. తర్వాత వాళ్లింటికి వెళ్లి అమ్మానాన్నల ఎదురుగా కూర్చోవాలి. ఆ తల్లి చూసేది స్కోరు కాదు, "నా కూతుర్ని నాలుగేళ్లు వీళ్ల చేతుల్లో పెట్టొచ్చా" అని. కప్పులు లేని రోజుల్లో, ఆవులున్న ఊరికి అమ్మాయిల్ని ఒప్పించి తీసుకురావడం ఎంత కష్టమో ఆలోచించండి.

రెండోది స్కౌటింగ్. అసిస్టెంట్లు ఎదుటి టీమ్‌లని తలా కొన్ని పంచుకుంటారు. పాత మ్యాచ్‌లు ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తారు. ఈ అమ్మాయి ఎడమ చేత్తో డ్రిబుల్ చేస్తే షాట్ వేస్తుందా, పాస్ ఇస్తుందా? టైమ్‌అవుట్ అయ్యాక మొదటి బాల్ ఎవరికి వెళ్తుంది? ఇవన్నీ రాసి ప్రాక్టీస్‌లో అరగదీయిస్తారు.

మూడోది బెంచ్. బాస్కెట్‌బాల్‌లో ఐదు ఫౌల్స్ చేస్తే ఆ ప్లేయర్ ఇక ఆ మ్యాచ్‌లో లేనట్టే. ఎవరికి ఎన్ని అయ్యాయి, ఎవర్ని కాసేపు కూర్చోబెట్టాలి, ఎవరు డీలా పడ్డారు... హెడ్ కోచ్ రిఫరీతో వాదిస్తుంటే ఇవన్నీ పక్క సీట్లవాళ్లు చూసుకోవాలి. మా ఊరి హైస్కూల్ కబడ్డీలో పీఈటీ సార్ పక్కన ఒక సీనియర్ అన్న కూర్చుని సుద్దముక్కతో నేల మీద గీతలు పెట్టేవాడు. సార్ కేకలు వేస్తుంటే మేమందరం చూసేది మాత్రం ఆ గీతల్నే.

ఇదంతా బుర్రలో పెట్టుకుని 1995 ఏప్రిల్ 2 చూడండి. మినియాపోలిస్‌లో ఫైనల్, యూకాన్ వర్సెస్ టెన్నెసీ. యూకాన్ అప్పటిదాకా ఒక్క మ్యాచ్ ఓడలేదు. అటు పక్క ప్యాట్ సమిట్, మహా కోచ్. ఫస్ట్ హాఫ్‌లోనే యూకాన్ స్టార్ రెబెకా లోబోకి మూడు ఫౌల్స్! కూర్చోబెట్టక తప్పలేదు. హాఫ్‌టైమ్‌కి టెన్నెసీ 38, యూకాన్ 32. లోబో తిరిగొచ్చింది. ఆఖర్లో జెన్ రిజోటి బాల్ పట్టుకుని కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కతే దూసుకెళ్లి లేఅప్ వేసింది, అంటే బుట్ట దగ్గరికే వెళ్లి బాల్ వేసేసింది. 70-64. సీజన్ 35-0. యూకాన్‌కి మొట్టమొదటి టైటిల్.

ఇక్కడే నాకు ప్రాణమైన ముక్క ఒకటుంది. ఆ రోజు టెన్నెసీ బెంచ్ మీద సమిట్ పక్కన అసిస్టెంట్ ఎవరో తెలుసా? మికీ డెమాస్. లూసియానా టెక్‌లో ఆడిన ప్లేయర్. ఆవిడ కూడా 1985లోనే టెన్నెసీకి వచ్చింది! ఇద్దరు మాజీ ప్లేయర్లు, ఒకే ఏడాది మొదలు, ఎదురెదురు బెంచ్‌ల మీద. డెమాస్ 2003లో కెంటకీకి హెడ్ కోచ్‌గా వెళ్లింది. డేలీ కదల్లేదు. చివరికి 2018లో, ఆటలో గొప్పవాళ్లని గౌరవించే విమెన్స్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఇద్దరినీ ఒకే బ్యాచ్‌లో తీసుకుంది. అది ఉన్నదెక్కడ? టెన్నెసీ వాళ్ల సొంతూరు నాక్స్‌విల్‌లో. జీవితమంతా యూకాన్ కోసం పనిచేసిన మనిషి అక్కడికి వెళ్లి గౌరవం అందుకుంది. నాకైతే ఇది వందో గెలుపు, వెయ్యో గెలుపు కంటే పెద్ద మాట.

మన భాషలో "వంత పాడటం" అని తేలిగ్గా అనేస్తాం. బుర్రకథ చూసినవాళ్లని అడగండి. డక్కీలు పట్టుకుని పక్కన నిలబడ్డ ఆ ఇద్దరు వంతలు లేకపోతే కథకుడు ఎంతసేపు నడపగలడు?

సీడీ అంటే యూకాన్‌లో ఇంకో అర్థం కూడా ఉంది: పద్ధతి. వేళకి రావడం, చక్కగా తయారవ్వడం, ఎదుటివాళ్లతో మర్యాదగా మాట్లాడటం. ఇవి పట్టుబట్టి నేర్పేది ఆవిడే. జీనో లేని రోజుల్లో ఆవిడ నడిపిన మ్యాచ్‌లు శాన్ ఆంటోనియోకి ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి.

2022 నవంబర్‌లో మాత్రం గుండె ఆగినంత పనైంది. హార్ట్‌ఫర్డ్‌లో ఎన్‌సీ స్టేట్‌తో మ్యాచ్‌కి ముందు ఆవిడ ఉన్నట్టుండి కుప్పకూలిపోయింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. అదృష్టం, కోలుకుంది, మళ్లీ వచ్చింది. ఆ వీడియో నేను ఇక్కడ వెయ్యను.

2024 నవంబర్ 20న జీనో కోచ్‌గా తన 1217వ గెలుపుతో కాలేజీ బాస్కెట్‌బాల్ మొత్తంలో రికార్డు కొట్టారు. ఆ రాత్రి స్టోర్స్‌లో సంబరం చేసింది ఇద్దరి పేరు మీద: నలభై సీజన్లు, జీనోకీ సీడీకీ.

చివరగా 2025 ఏప్రిల్, టాంపా. సౌత్ కరోలైనా మీద 82-59, యూకాన్‌కి 12వ టైటిల్. అందరూ యూకాన్ స్టార్లు పేజ్ బ్యూకర్స్‌నీ ఆజీ ఫడ్‌నీ చూశారు, చూడాల్సిందే. మీరు ఆ మ్యాచ్ మళ్లీ చూస్తే ఒక్కసారి బెంచ్ వైపు ఆపండి. జమెల్ ఎలియట్ కనిపిస్తుంది. 1995లో లోబోతో పాటు మొదటి ఐదుగురిలో ఆడిన అమ్మాయి. తర్వాత యూకాన్‌లోనే అసిస్టెంట్ అయింది, సిన్సినాటీలో తొమ్మిదేళ్లు హెడ్ కోచ్‌గా చేసింది, మళ్లీ అసిస్టెంట్‌గా వెనక్కి వచ్చింది. డేలీ కూర్చునే ఆ వరుసలోకే.