నాలుగు ఓట్ల తేడా, తొమ్మిది చెల్లని ఓట్లు

నమస్తే అండీ. మొన్న పలమనేరు వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, ఈసారి మా ఊళ్ళో వార్డు మెంబరుగా నిలబడదామనుకుంటున్నా, ఏమంటావ్" అని అడిగాడు. నేను బస్సులో ఉన్నాను, ఏదో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. తర్వాత మనసొప్పలేదు. అందుకే ఈ వీడియో.

నేను 2021 ఫిబ్రవరిలో నిలబడ్డాను. అప్పటికి మాది చిత్తూరు జిల్లానే, తిరుపతి జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్‌లో కదా. నాలుగు ఓట్లతో ఓడిపోయాను. నవ్వకండి, మా వార్డులో మొత్తం ఓట్లే 212.

రూల్స్ తొందరగా చెప్పేస్తా. 21 ఏళ్ళు నిండాలి, ఆ పంచాయతీ ఓటర్ల లిస్టులో పేరుండాలి, మీ పేరు ప్రతిపాదించడానికి మనిషి కావాలి. డిపాజిట్ అప్పట్లో వార్డుకు 1000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 500. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారు అనే రూలు ఒకటి ఉండేది, దాన్ని 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. మా ఫ్రెండ్ ఒకడు ఆ రూలు వల్లే నన్ను ముందుకు తోసి తను వెనక నిలబడ్డాడు, ఈసారి వాడే పోటీ చేస్తానంటున్నాడు, చూద్దాం. ఇక ఇంటిపన్ను, బాకీ లేకుండా చూసుకోవాలి. మా ఇల్లు ఇంకా మా తాత పేరు మీదే ఉంది, ఆయన పోయి పదేళ్ళు దాటింది, బాకీ కట్టి రసీదు తెచ్చుకునేసరికి నామినేషన్ టైమ్ అయిపోతుందని ఒకటే టెన్షన్. ఆ పని ఈ వారమే చూసుకోండి, నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు.

నామినేషన్ వేసిన రోజు రాత్రే మొదలైంది అసలు కథ. గంగమ్మ గుడి అరుగు మీద పెద్దమనుషులు కూర్చుని నన్ను పిలిపించారు. అవతల నిలబడింది ఎవరో కాదు, మా అమ్మకు వరసకు తమ్ముడు, నాకు మామ. "ఏం నాయనా, ఊరంతా ఏకగ్రీవం చేసుకుంటే గవర్నమెంటు అయిదు లక్షలిస్తుంది, నీ ఒక్కడి వల్ల పోగొడతావా" అన్నారు. నిజమే, 2021లో రెండువేల లోపు జనాభా ఉన్న పంచాయతీ ఏకగ్రీవమైతే అయిదు లక్షలు, పదివేలు దాటితే ఇరవై లక్షలు ప్రకటించారు. కానీ ఆ డబ్బుతో మా వీధికి ఏం చేస్తారని అడిగితే ఒక్కరూ మాట్లాడలేదు, మామ మాత్రం "ముందు విత్‌డ్రా చేసుకో అల్లుడూ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. తర్వాత అనేది మా ఊళ్ళో ఎప్పుడూ రాదండీ. మా వీధి చివర కాలువ నిండిపోయి నీళ్ళు బడి ముందు నిలబడి అప్పటికి మూడేళ్ళయింది, దానికోసమే నిలబడ్డాను నేను, వార్డు మెంబరుకు జీతమేమైనా ఉందా ఏంటి?

ప్రచారం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పార్టీ గుర్తులుండవు, అభ్యర్థుల పేర్లు తెలుగు అక్షరాల వరుసలో రాసి ఆ వరుసలోనే గుర్తులిస్తారు, మనకు నచ్చింది రాదు. బెంగళూరులో పనిచేసే మావాళ్ళ కోసం కారు మాట్లాడాను, నలుగురు వస్తామన్నారు, ఇద్దరొచ్చారు. ఆ ఇద్దరూ నాకే వేశారని ఏ గుడిలోనూ ప్రమాణం చేయలేను.

నేను తప్పు చేసింది ఎక్కడంటే, ఇది. ఈ ఎన్నికల్లో ఈవీఎం లేదు, బ్యాలెట్ పేపరు. సర్పంచ్‌కు గులాబీ రంగు, వార్డుకు తెలుపు. పేపరిచ్చే ముందు కౌంటర్‌ఫాయిల్ మీద, అంటే పేపరు చించాక పుస్తకంలో మిగిలే ముక్క మీద, సంతకం పెట్టమంటారు, చదువు రానివాళ్ళను బొటనవేలు ఇంకు ప్యాడ్‌లో ముంచి ముద్ర వేయమంటారు. ఆ తర్వాత చేతికి రబ్బరు స్టాంపు ఇచ్చి లోపలికి పంపిస్తారు. ఇంకంటిన వేలితో లోపలికి పోయిన ముసలివాళ్ళు ఏం చేస్తారు చెప్పండి? స్టాంపు పక్కన పెట్టేసి, గుర్తు మీద మళ్ళీ అదే వేలు ఒత్తుతారు.

పోలింగ్ మధ్యాహ్నం మూడున్నరకు అయిపోయింది, సాయంత్రమే మా బడిలో లెక్కింపు. మూడో తరగతి బల్ల మీద కట్టలు విప్పుతున్నారు. నేను వేళ్ళతో లెక్కపెట్టుకుంటున్నాను. ఒక తెల్ల పేపరు విప్పగానే నా గుర్తు మీద నున్నగా, గుండ్రంగా, నల్లటి వేలిముద్ర. ఆఫీసర్ దాన్ని ఎత్తి మా ఇద్దరికీ చూపించి, చెల్లదని పక్కన పెట్టారు. మళ్ళీ ఇంకోటి. అలాంటివి నా గుర్తు మీద ఆరు, మామ గుర్తు మీద ఒకటి, రెండు గుర్తుల మీదా స్టాంపు వేసినవి రెండు. పోలయినవి 184. మామకు 88, నాకు 84, నోటాకు 3, చెల్లనివి 9. మామకు తెలుసండీ! ఆయన వారం రోజులు ముసలివాళ్ళ ఇళ్ళకు పోయి, తెల్లకాగితం మీద స్టాంపు వేయించి చూపించాడంట. నేనేమో ఆ వారమంతా ఫ్లెక్సీలో నా ఫోటో సరిగా రాలేదని తిరుపతికి రెండుసార్లు తిరిగాను.

కాబట్టి తమ్ముడూ, నిలబడు. కానీ ముందు ఓటర్ల లిస్టు ప్రింటు తీసుకుని, సంతకం రానివాళ్ళ పేర్ల పక్కన గీత పెట్టుకో. వాళ్ళ దగ్గరికి నువ్వే పో, నీ కుర్రాళ్ళను పంపించొద్దు. వేలిముద్ర బయట పుస్తకంలో, స్టాంపు లోపల పేపరు మీద, ఇంతే, దీన్నే పదిసార్లు చెప్పు, విసుక్కోకుండా చెప్పు.

ఆ రాత్రి ఇంటికొస్తే మా అవ్వ మేలుకునే ఉంది. కుడిచేతి బొటనవేలు చూపించి, "గట్టిగా ఒత్తినాన్రా అబ్బోడా, ఎంత కడిగినా పోలేదు చూడు" అంది. అన్నం పెట్టమన్నాను.