నొప్పి లేదని ఊరుకోవద్దు: విశాఖ శ్రోతలతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: తొలి ఫోను పెదజాలరిపేట నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. నాకు 42 ఏళ్లు. మా వీధిలో గర్భాశయ ముఖద్వార పరీక్షల శిబిరం పెడితే వెళ్లాను. కాగితం మీద హెచ్‌పీవీ 16 పాజిటివ్ అని రాసి ఇచ్చారు. మా ఆయన వేటకు వెళ్లారు, ఇంకా చెప్పలేదు. ఆ కాగితం బియ్యం డబ్బాలో దాచాను. ఇంతకీ నాకు క్యాన్సర్ వచ్చినట్టేనా?

డాక్టర్: కాదమ్మా. హెచ్‌పీవీ అనే వైరస్ ఉందని అర్థం, అంతే. చాలామందిలో రెండేళ్లలోపే శరీరం దాన్ని వదిలించుకుంటుంది. కానీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతం ఈ వైరస్‌లోని 16, 18 రకాల వల్లే వస్తాయి. అందుకే మీరు కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని భూతద్దం లాంటి పరికరంతో చూసే పరీక్ష, చేయించుకోవాలి.

శ్రోత: నాకు నొప్పి ఏమీ లేదండీ. నొప్పి లేకపోతే భయం లేదని మా తోడికోడలు అంటోంది. అయినా జలుబు తెచ్చేదీ వైరస్సే కదా, క్యాన్సర్ ఎలా తెస్తుంది?

డాక్టర్: నొప్పి లేదని ఊరుకోవద్దు! మీ వాకిట్లో వలలు బాగుచేస్తారు కదమ్మా? కణంలో డీఎన్ఏ కూడా రోజూ ఎక్కడో ఒకచోట తెగుతుంది, అతికే ప్రోటీన్లూ ఉంటాయి. అతికేదాకా కణం విభజన చెందకుండా ఆపేది పీ53 అనే ప్రోటీన్. ఈ వైరస్ తయారుచేసే ‘ఈ6’ అనే ప్రోటీన్ ఆ పీ53నే నాశనం చేయిస్తుంది. ‘ఈ7’ అనే మరో వైరస్ ప్రోటీన్ ఆర్‌బీ అనే ఇంకో కాపలా ప్రోటీన్‌ను పడగొడుతుంది. పైగా అతికే ప్రోటీన్లను వైరస్ తన నకళ్లు తీసుకునే పనికి లాక్కుంటుంది. మీ వల చిరిగి ఉండగా అల్లేవాళ్లను పక్కింటివాళ్లు పట్టుకుపోయినట్టు. ఆ చిరుగులతోనే కణం విభజన చెందుతుంది, తప్పులు పోగవుతాయి. క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ నొప్పి తెలియకపోవచ్చు.

శ్రోత: అయితే... క్యాన్సర్ వచ్చినట్టు కాదంటారు?

డాక్టర్: పాజిటివ్ అయినంత మాత్రాన కాదు తల్లీ. మార్పులు ముందే కనిపిస్తే చాలాసార్లు ఆ కాస్త భాగం తీసేస్తే సరిపోతుంది. కాగితం తీసుకుని ఈ వారమే కేజీహెచ్‌కు, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రికి, వెళ్లండి. మీ ఆయన వచ్చేదాకా ఆగవద్దు. తోడికోడలినీ వెంట తీసుకెళ్లండి. 30 దాటిన ఆడవాళ్లందరూ హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలి.

వ్యాఖ్యాత: గాజువాక నుంచి మరొకరు.

శ్రోత: మా అక్కకు ఈ క్యాన్సరే, కరెంటు పెడుతున్నారు, వారానికి ఒక ఇంజెక్షన్ కూడా. రెండూ ఎందుకండీ?

డాక్టర్: కరెంటు, అంటే రేడియేషన్, క్యాన్సర్ కణాల డీఎన్ఏను తెంపుతుంది. సాధారణంగా ఇంజెక్షన్‌గా ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే మందు ఆ తెగినవి అతుక్కోకుండా అడ్డుపడుతుంది. నీరసంగా ఉందని మధ్యలో మానేయనివ్వకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. మధురవాడ, క్లుప్తంగా.

శ్రోత: మా పాపకు 11 ఏళ్లు. టీకా...

డాక్టర్: వేయించండి. 9 నుంచి 14 ఏళ్ల మధ్య, వైరస్ సోకకముందే వేయించాలి. పెద్దయ్యాక పరీక్ష మాత్రం మానకూడదు, నొప్పి లేదని...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది డాక్టరు గారూ.

డాక్టర్: ఒక్క మాట. పెదజాలరిపేట అమ్మా, వింటున్నారా? ఆ కాగితం ఈ రాత్రే బియ్యం డబ్బాలోంచి తీసి సంచిలో పెట్టుకోండి.